బర్మా సిస్టరమ్మ పేర్పించిన ఊరు

సాయంత్రం కాశీబుగ్గలో నా కుట్టుషాపు మూసి ఇంటికి నడుస్తుంటే, మలుపులో ఉన్న బండివాడు సన్నగా తరిగిన ఉల్లిపాయలు మరిగే నూనెలో వేస్తాడు. అవి ఎర్రబడి ఆ వాసన రోడ్డంతా పట్టుకోగానే నా నడక నెమ్మదిస్తుంది. అందరికీ పకోడీలు గుర్తొస్తాయేమో. నాకు మాత్రం పెద్ద అల్యూమినియం గిన్నె, అందులో ఉడికిన నూడుల్స్, పైన వేయించిన శనగపిండి, పిండిన నిమ్మకాయ గుర్తొస్తాయి. పక్కనే గరిటె పట్టుకుని "కూకోండి, కూకోండి, నిలబడి తింటే ఒంటికి పట్టదు" అని అందర్నీ గదమాయించే ఒక పొట్టి మనిషి గుర్తొస్తారు. ఆవిడ తల్లి రంగూన్‌లో నేర్చుకుని, ఓడలో తనతో తెచ్చుకున్న వంట అది. వాళ్ళు తెచ్చుకోగలిగినవి ఇంకేవీ పెద్దగా లేవట.

ఆవిడ పేరు సీతారత్నం. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో, మనసు జబ్బుల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాక మా కాశీబుగ్గ పక్కనే ఉన్న పలాస వచ్చి, తమ్ముడి ఇంటి మేడమీద గదిలో ఉండేవారు. ఎవరూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. బర్మా సిస్టరమ్మ అంటేనే తెలుస్తుంది. ఆవిడ తాత ఈ చుట్టుపక్కల ఉద్దానం పల్లెల్లో బతుకుతెరువు లేక బర్మా వెళ్ళి రేవులో మూటలు మోశాడు. తండ్రి అక్కడే పుట్టాడు, ఆవిడా అక్కడే పుట్టారు. మనవాళ్ళు అక్కడ ఉండలేని రోజులు వచ్చి, ఉన్నవన్నీ వదిలేసి ఓడెక్కినప్పుడు ఆవిడ ఇంకా గౌను వేసుకునే పిల్ల. "మన దేశానికే వొచ్చినాం గానీ, మనకి తెలిసిన గుమ్మం ఒక్కటీ నేదమ్మీ" అనేవారు శరణార్థుల శిబిరంలో గడిపిన రోజులు తలుచుకుని. ఆ మాటైనా నవ్వుతూనే అనేవారు. పెద్ద కళ్ళద్దాలు, మడత నలగని నైలాన్ చీర, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. సినిమాకి వెళితే పాటలకి ఈల వేసేవారు. నేను పక్కన కూర్చుని సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

మొదటిసారి నా షాపుకి ఒక గుడ్డసంచి కుట్టించుకోవడానికి వచ్చారు. "లోపల చిన్న జేబు పెట్టమ్మీ, నా పళ్ళసెట్టు పెట్టుకోవాల" అన్నారు. అప్పుడే ఒక ఆవిడ జాకెట్టు కొలతలిస్తూ తన ఇంటి గొడవంతా నాతో చెప్పుకుంటోంది. సిస్టరమ్మ బల్ల మీద కూర్చుని ఇద్దర్నీ చూస్తూ ఉన్నారు. ఆవిడ వెళ్ళిపోయాక నన్ను అడిగారు.

"అంతసేపు సెప్పినాది కదా, నువ్వు మధ్యలో ఒక్క సలహా ఇవ్వలేదేటి?"

"ఎలా ఇస్తానండీ? నోట్లో గుండుసూదులున్నాయి."

ఆవిడ గోడకి జేరబడి మరీ నవ్వారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నాకు అలాంటి మనిసే గావాల. ఆదివారం కాళీయేనా?" అన్నారు.

అలా మొదలైంది. టెక్కలి దగ్గర కొత్తగా కట్టిన ఒక కాలనీకి ఆవిడ ప్రతి ఆదివారం వెళ్ళేవారు. అక్కడున్నవి అన్నీ బెస్త కుటుంబాలు. తీరాన వాళ్ళ ఊరిని సముద్రం ఏటేటా కోస్తూ వచ్చి, చివరికి ఒక తుపానులో రెండు వీధుల్ని తీసుకుపోయింది. మిగిలిన వీధిలోనూ ఉండడం ప్రమాదమని ప్రభుత్వం వాళ్ళకి ఇక్కడ ఇళ్ళు కట్టి ఇచ్చింది. గట్టి స్లాబు ఇళ్ళు, కరెంటు, కుళాయిలు. చూసిన వాళ్ళందరూ ఇంకేం కావాలి అనేవారు. కానీ ఆ ఇళ్ళలో మనుషులు నిద్రపోయేవారు కాదు. ఆడవాళ్ళు ఊరికే ఏడ్చేవారు. మగవాళ్ళలో కొందరు తెల్లారకముందే ఆటో ఎక్కి ఎంతో దూరంలో ఉన్న తీరానికి వేటకు వెళ్ళేవారు, కొందరు వెళ్ళడమే మానేశారు. సిస్టరమ్మతో పాటు వెళ్ళే నాలాంటి వాళ్ళం కొద్దిమందిమి. మాకు జీతం లేదు, హోదా లేదు. ఆవిడ నేర్పింది నేర్చుకోవడమే మా చదువు.

నేను వెళ్ళిన మొదటి ఇల్లు దాలయ్యది. యాభై దాటిన మనిషి, పడవ నడిపిన చేతులు. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. మాట లేదు. భార్య పోలమ్మ గుమ్మంలో చింతపండు గింజలు తీస్తోంది. సిస్టరమ్మ దాలయ్యను పలకరించి, సమాధానం రాకపోయినా ఏమీ అనుకోకుండా మంచం పక్కనే నేలమీద కూర్చున్నారు. పోలమ్మ దగ్గర సగం చింతపండు లాక్కుని తానూ గింజలు తీయడం మొదలుపెట్టారు. నా ముందుకీ ఒక చేట తోశారు. మధ్యాహ్నం వరకూ అదే పని. వానల గురించి, ఎండుచేపల గురించి పోలమ్మతో ఏదో మాట్లాడుతూ, మాటల మధ్యలో "కదా దాలయ్యా" అని అతన్నీ కలుపుకునేవారు. లేచేటప్పుడు "మళ్ళీ ఆదివారం వొస్తాం" అన్నారు, అంతే. బస్సులో నేను ఆగలేకపోయాను.

"చింతపండు ఒలవడానికా సిస్టరమ్మా అంతదూరం వెళ్ళాం?"

"మనం వొస్తామని నమ్మకం కుదరాల ముందు. వొచ్చీవోళ్ళు ఒక్కపాలి వొచ్చి ఫొటో తీసుకుని ఎల్లిపోతే, ఆడు నోరెందుకు ఇప్పుతాడు?"

కొన్ని ఆదివారాల తర్వాత దాలయ్య నోరు విప్పాడు. గోడవైపే చూస్తూ, "కళ్ళు మూత్తే ఆ హోరు నేదు సిస్టరమ్మా. సెవుడొచ్చినట్టుంటాది" అన్నాడు. పుట్టినప్పటి నుంచి చెవిలో ఉన్న సముద్రం ఒక్కసారిగా ఆగిపోతే ఎలా ఉంటుందో నాకు అప్పుడే తట్టింది. తర్వాతి వారం మేము వెళ్ళేసరికి అతని ముఖం ఇంకా పీక్కుపోయి ఉంది. తిండి మానేశాడని, తన పడవ వాటా తమ్ముడికి రాసిచ్చేస్తానంటున్నాడని పోలమ్మ చెప్పింది. ఆ చివరి మాట వినగానే సిస్టరమ్మ చేతిలో పని పక్కన పెట్టారు. అతని ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, జ్వరం ఉందా అని అడిగినంత మామూలుగా అడిగారు.

"దాలయ్యా, సచ్చిపోవాలనిపిస్తందా నీకు?"

నేను పోలమ్మ వైపు చూశాను. పోలమ్మ చేట కింద పెట్టేసింది. దాలయ్య తల తిప్పి ఆవిడను చూశాడు.

"ఒకోపాలి అనిపిస్తాది."

"ఈ మద్దిన ఎక్కువైనాదా?"

"అయినాది."

"సెప్పినావు, మంచిపని సేసినావు. ఇది నీ తప్పు కాదు, జొరం లాంటిదే. దీనికి డాక్టరున్నాడు, మందుంది. రేపు ఎల్దాం. నానూ వొస్తాను."

అతను చిన్నపిల్లాడిలా తలూపాడు. ఆ కళ్ళలో నీళ్ళు చూసి నేను భయపడ్డాను గానీ, భుజాలు మాత్రం ఏదో మూట దించుకున్నట్టు కిందికి వాలాయి. ఆ రోజు నుంచి కొన్నాళ్ళ పాటు అతన్ని ఒంటరిగా వదలకుండా తమ్ముడూ అల్లుడూ వంతులు వేసుకునేలా ఆవిడ అందరితోనూ మాట్లాడారు. ఆవిడ మాత్రం ఇంటికి పోకుండా టెక్కలిలోనే తెలిసినవాళ్ళింట్లో ఉండిపోయి, పొద్దున్నే అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అంతకుముందు, ఆ సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు నేను భయం భయంగా అడిగాను.

"అలా నేరుగా అడిగితే, లేని ఆలోచన పుట్టదా సిస్టరమ్మా?"

"అడిగితే పుట్టదమ్మీ. ఉన్నదే బయటికొస్తాది. లోపలుండిపోతే దాన్ని ఆడొక్కడే మోయాల."

మందులు వెంటనే పనిచేయలేదు. డాక్టరు ముందే చెప్పారు, ఓపిక పట్టమని. మేము వెళుతూనే ఉన్నాం. ఒక ఆదివారం కాలనీ మొదట్లోనే పోలమ్మ మాకు ఎదురు పరిగెత్తుకొచ్చింది. ఏమైందోనని నేనూ పరుగందుకున్నాను.

"సిస్టరమ్మా! పులుసులో ఉప్పెక్కువైపోనాదని నన్ను తిట్టీసినాడు సిస్టరమ్మా!"

అంత సంతోషంగా తిట్లు చెప్పుకున్న మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. సిస్టరమ్మ రోడ్డుమీదే ఆమెను కౌగిలించుకున్నారు. "ఏటేటి తిట్టినాడు, అన్నీ సెప్పు" అని అడిగి మరీ చెప్పించుకున్నారు. లోపల దాలయ్య గోడవైపు కాకుండా గుమ్మంవైపు కూర్చుని, కొంచెం సిగ్గుపడుతూ మమ్మల్ని చూశాడు.

మాటలు వచ్చాక అతను ఎక్కువగా తలుచుకున్నది ఇల్లు కాదు, పడవ కాదు, అప్పన్న. అప్పన్న వరసకి బావ. పాత ఊళ్ళో ఇద్దరివీ గోడ కలిసిన ఇళ్ళు. ఆ గోడలో ఒక ఇటుక ఎప్పుడో ఊడిపోతే ఇద్దరూ పూడ్చలేదు. అందులోంచే బీడీ, అగ్గిపెట్టె, కూరగిన్నె, తెల్లారగట్ల "లెగిసినావా బావా" అన్న పిలుపు. కొత్త కాలనీలో చీటీలు తీసి ఇళ్ళు పంచారు. దాలయ్యకి మొదటి వరుస వచ్చింది, అప్పన్నకి పొలాల పక్క చివరి వరుస.

"మరి ఎల్లి సూడలేదేటి?" అన్నారు సిస్టరమ్మ.

"ఆడు రావచ్చు కదా?"

మేము చివరి వరుసకి వెళ్ళి అప్పన్నని అడిగితే, అతనూ వల ఒళ్ళో పెట్టుకుని అదే అన్నాడు. "ఆడు రావచ్చు కదా?" సిస్టరమ్మ అక్కడ పెదవులు బిగపట్టుకుని, వీధి మలుపు తిరిగాక గొడుగు మీద వాలిపోయి నవ్వారు. కానీ ఆ సాయంత్రం బస్సులో కిటికీలోంచి చూస్తూ తన తల్లి గురించి చెప్పారు.

శిబిరంలో వాళ్ళమ్మ అప్పాయమ్మ మాటా నవ్వూ మానేసిందట. రంగూన్‌లో ఆమె గొంతు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించేదట. "ఒకరోజు నీళ్ళ కాడ ఎవరో ఎనకనుంచి 'ఒలే పెద్దగొంతూ' అని అరిసినారు. మా రంగూను ఈదిలో పక్కింటావిడ. ఏరే ఓడలో వొచ్చినాది. అమ్మ బిందె ఒగ్గీసి, ఎనక్కి తిరిగి, 'సచ్చినదానా, బతికే ఉన్నావా' అని శిబిరం అదిరిపోయేలా అరిసినాది. మా అమ్మ మళ్ళీ అరిసినాదని నాను గెంతులేసినాను" అన్నారు. అని, నావైపు తిరిగి, "అమ్మీ, ఈళ్ళకి ఇల్లిచ్చినారు గానీ పక్కిల్లు ఇవ్వలేదు" అన్నారు.

తర్వాతి ఆదివారం ఆవిడ గుమ్మం గుమ్మానికీ తిరిగి ఒకటే ప్రశ్న అడిగారు. పాత ఊళ్ళో మీ పక్కింట్లో ఎవరుండేవారు? ఆ ప్రశ్నకి జవాబు ఒక్క ముక్కలో చెప్పిన వాళ్ళు లేరు. మధ్యాహ్నానికి జనం మొత్తం కాలనీ మధ్య ఖాళీ స్థలంలో పోగయ్యారు. దాలయ్య ఒక కర్ర తీసుకుని ఎర్రమట్టి మీద పొడుగ్గా గీత గీశాడు. అది సముద్రపు ఒడ్డు. ఇక అందరూ గులకరాళ్ళు ఏరి తెచ్చి తమ తమ ఇళ్ళు పెట్టడం మొదలుపెట్టారు. "మీ ఇల్లు అక్కడెందుకుంటాది, దానెనకాల మా పాక!" "పాక కాదు, నువ్వు నా జాగాలో వేసిన దడి!" ఎప్పటిదో సరిహద్దు తగువు ఒకటి మళ్ళీ రాజుకుని, ఇద్దరు ముసలివాళ్ళు రాళ్ళు జరుపుకున్నారు. వలలు ఆరేసే చోటు, ఆడవాళ్ళు చేపలు పంచుకునే చోటు, గంగమ్మ గద్దె, అన్నీ వచ్చాయి. తర్వాత సముద్రం తీసుకుపోయిన వీధుల్నీ పెట్టారు. ఒక ముసలమ్మ తుపానులో పోయిన తన అక్క ఇంటికి ఒక తెల్లరాయి పెట్టి ఏడ్చింది. ఆమెను ఎవరూ ఊరుకోమనలేదు. పక్కన కూర్చున్నారు. తర్వాత ఆ ముసలమ్మే "ఆవిడ కోడి రోజూ నా ఇంట్లోనే గుడ్డు పెట్టీది" అని చెప్పి అందర్నీ నవ్వించింది.

అంతా అయ్యాక సిస్టరమ్మ ఆ రాళ్ళ ఊరు చుట్టూ నడిచి, "ఇలగే ఇక్కడా ఉంటే ఎలగుంటాది?" అన్నారు. ఇళ్ళన్నీ ఒకే కొలత, ఒకే రకం. ఎవరింట్లో ఎవరుంటే ఏమిటి? కాసేపు గోల. అందరూ ఒప్పుకున్నారు, ఒక్క నీలమ్మ తప్ప. భర్త పోయిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. వచ్చిన కొత్తలో పెరట్లో మునగ మొక్క వేసుకుంది.

"అది పూతకొచ్చినాది. సంద్రం నాకాడున్నదంతా పట్టుకుపోనాది, ఇది ఒక్కటీ నాను పెంచుకున్నాను. దీన్నొగ్గీసి నాను రాను. మీరెల్లండి."

ఆమెను తప్పుపట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. కానీ ఒక ఇల్లు కదలకపోతే వరుస కుదరదు. ఆ చిక్కుని సిస్టరమ్మ తేల్చలేదు, నేనూ తేల్చలేదు. నెలల తరబడి నలుగురిలో నోరు విప్పని దాలయ్య లేచి నిలబడ్డాడు.

"నీలమ్మొదిన కదలకపోతే, మనమే ఆవిడ కాడికి ఎల్దాం."

నీలమ్మ రాయిని ఆమె ఇప్పుడున్న చోట పెట్టి, ఆమె పాత ఇరుగుపొరుగుని దాని చుట్టూ పేర్చుకుంటూ పోయారు. ఊరు మొత్తం కొంచెం పక్కకి జరిగి సరిపోయింది. నీలమ్మ ఆ రాళ్ళని ఒక్కొక్కటే చూసుకుంది. చివరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కాయలు కాత్తే అందరికీ పంచుతాను" అంది.

టెక్కలిలో ఆఫీసువాళ్ళు మొదట కుదరదన్నారు. చీటీలో వచ్చింది వచ్చిందే అన్నారు. సిస్టరమ్మ ఆడవాళ్ళను వెంటేసుకుని వెళ్ళి, వరండాలో కూర్చుని, చింతపండు ఒలిచినంత ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ అదే చెప్పారు. ఆఖరికి ఒక అధికారి స్వయంగా కాలనీకి వచ్చాడు. రాళ్ళ ఊరి ముందు నిలబడితే, పదిమంది ఒకేసారి అతనికి తమ తమ ఇళ్ళు చూపించారు. అతను కింద గొంతుక్కూర్చుని, "ఈ తెల్లరాయి ఎవరిది?" అని అడిగాడు. ముసలమ్మ చెప్పింది. వెళ్ళేటప్పుడు, "ఇద్దరికీ ఇష్టమైతే ఇళ్ళు మార్చుకోండి, కాగితాల సంగతి నేను చూస్తాను" అన్నాడు.

ఇళ్ళు మారిన రోజులాంటి రోజు నా జీవితంలో మళ్ళీ రాలేదు. మంచాలు నెత్తిమీద, వలలు భుజాలమీద, బిందెలు, కోళ్ళు, టీవీలు, పెళ్ళి ఫొటోలు. ఎదురుపడ్డ రెండు కుటుంబాలు దారి మధ్యలో సామాను దించుకుని కబుర్లలో పడిపోతే వెనకవాళ్ళు కేకలు. ఎవరిదో మేక పాత ఇంటికే పారిపోతే దాన్ని పట్టుకోవడానికి వీధంతా పరుగు. సిస్టరమ్మ పొయ్యి పెట్టించి, ఆ పెద్ద గిన్నెలో రంగూన్ వంట వండారు. "ఇవేటి సిస్టరమ్మా, వానపాములా?" అని నీలమ్మ మొహం చిట్లించి, తర్వాత మూడోసారి పళ్ళెం చాపింది.

అప్పన్న తన మంచం మోసుకుని దాలయ్య పక్క ఇంటికి వచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"ఇన్నాళ్ళూ రాలేదేటి?" అన్నాడు దాలయ్య.

"నువ్వెందుకు రాలేదు?"

"నాకు బాగోలేదు బావా."

అప్పన్న మంచం కింద పెట్టేశాడు. "తెలిసినాది. వొస్తే ఏటి మాటాడాలో తెలవక రాలేదు" అన్నాడు. అతను దాలయ్య భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచాడు. ఆ సాయంత్రం మేము బయల్దేరేటప్పటికి ఇద్దరూ రెండు పెరళ్ళ మధ్య కొత్త ప్రహరీ దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. గునపంతో ఒక ఇటుక ఊడదీస్తున్నారు. పోలమ్మ అరుస్తోంది, "కొత్త గోడరా నాయనా!" సిస్టరమ్మ గొడుగు మూసి నాతో, "పద అమ్మీ, బస్సు పోతాది. ఇక్కడ మన పని అయిపోనాది" అన్నారు. కళ్ళద్దాల కింద నుంచి బుగ్గల మీదికి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయి నవ్వుతున్నారు.

దాలయ్య మందులు డాక్టరు చెప్పినన్నాళ్ళూ వాడాడు. ఇప్పుడు అప్పన్నతో కలిసి ఆటోలో తీరానికి వెళ్ళి వేట చేస్తున్నాడు. కష్టాలన్నీ తీరిపోయాయని అనను. దూరం దూరమే. కానీ ఆ కాలనీలో ఇప్పుడు గొంతులు వినిపిస్తాయి. సిస్టరమ్మ మోకాళ్ళ నొప్పులతో విశాఖపట్నంలో మేనకోడలి ఇంట్లో ఉన్నారు. ఆదివారం రాత్రి ఫోన్ చేసి, "ఎల్లినావా? ఎవర్ని కలిసినావు?" అని అడుగుతారు. తర్వాత కొత్త సినిమా కథ మొత్తం చెబుతారు.

మొన్న వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఒకామె నా షాపుకి మగవాళ్ళ చొక్కాలు తెచ్చింది. అన్నీ బిగువు చేయాలంది. భర్తకి కిడ్నీ జబ్బు, పలాసలో డయాలసిస్‌కి తెస్తోంది, మనిషి చిక్కిపోయి చొక్కాలన్నీ వదులైపోయాయి. అదంతా ఏదో వేరేవాళ్ళ సంగతిలా చెప్పేసింది. నేను మిషను ఆపి, స్టూలు ఆమె వైపు జరిపి, "ఆయన సంగతి సెప్పినావు వదినా. నీకెలగుంది?" అన్నాను. ఆమె చొక్కా మడత పెడుతూ పెడుతూ ఆగిపోయింది. "నన్నెవరూ అడగనేదు" అని, అప్పుడు మొదలుపెట్టింది. బల్ల మీద ఇంకొకామె తన జాకెట్టు కోసం ఎదురుచూస్తోంది. ముందు గడియారం చూసుకుంది, తర్వాత జరిగి చోటిచ్చింది, తర్వాత "మా ఇంటాయనకీ అదే" అంది. రెండు ఊళ్ళూ పక్కపక్కవే. డయాలసిస్ రోజులూ ఒకటే. ఇన్నాళ్ళూ ఒకే ఆసుపత్రి వరండాలో ఒకరికొకరు తెలియకుండా కూర్చున్నారు.

నేను మళ్ళీ మాట్లాడాల్సిన అవసరం రాలేదు. ఏడుపు అయింది, ఉప్పు తగ్గించిన కూర తినమంటే మొగుళ్ళు చేసే అల్లరి చెప్పుకుని నవ్వులూ అయ్యాయి. చీకటి పడబోతుంటే ఇద్దరూ లేచి, ఒకరి సంచి ఒకరు పట్టుకుని, ఒకే ఆటో ఎక్కారు. చొక్కాలు నా బల్ల మీదే ఉండిపోయాయి, జాకెట్టూ అక్కడే ఉండిపోయింది. నాకు వెళ్ళొస్తామని చెప్పడం కూడా మరిచిపోయారు. ఆటో మలుపు తిరిగేదాకా వాళ్ళ మాటలు వింటూ, నేను గుమ్మంలో నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.